కత్తెరకి జ్ఞానస్నానం

కత్తెరని మట్టిలో పెట్టి వస్తుంటే దారిపొడుగునా జనం మాష్టారి చేతులు పట్టుకుంటున్నారు.

“ఆఖరి నిమిషంలో మనిషిని ఒడ్డున పడేశారు మాష్టారూ” అన్నాడు మందులషాపు పెద్దాయన. ఎవర్నీ ఊరికే మెచ్చుకునే నోరు కాదది.

మాష్టారు తలాడించి ముందుకు నడిచారు. కొత్త చెప్పులు కరుస్తున్నట్టుంది ఆయన నడక.

కత్తెర అంటే వీధి చివర సెలూన్ కత్తెర. అసలు పేరు పెళ్ళానికైనా గుర్తుందో లేదో. మాష్టారు గుడిలో ఉపదేశం నేర్పుతారు. పిల్లలైనా పెద్దలైనా ఆయన దగ్గర జపాలు అప్పజెప్పి, సరే అనిపించుకున్నాకే జ్ఞానస్నానం. పాతకాలపు పూజ పద్ధతినే పట్టుకున్న మనిషి. శ్రీసభకు, అంటే చర్చికి, బయట రక్షణ లేదు, అంతే. దాని మీద బేరాల్లేవు.

ఆదివారం పూజ అయ్యాక గుడి వెనకగదిలో ఆయనకీ కుర్ర ఫాదర్‌కీ ఇదే పేచీ. జ్ఞానస్నానం కావాలని మనసారా కోరుకున్నవాడు, అది అందకముందే పోతే దేవుడు తోసేయడు, ఆ కోరికే చాలు అంటారు ఫాదర్. మాష్టారు ఒప్పుకోరు.

“ఆకలేస్తే కడుపు నిండినట్టేనా ఫాదర్? నీళ్ళు పడాలి, మాటలు పడాలి. ఏది తప్పినా అది ఉత్త స్నానమే.”

మందులషాపు పెద్దాయన భేష్ అని బల్ల చరిచేవాడు. ఫాదర్ నవ్వి, కాఫీ చల్లారిపోతోందనేవారు.

ఆ పేచీ నెలకోసారి సెలూన్‌కీ వచ్చేది. తల కత్తెరకి అప్పగించి మాష్టారు మోక్షం సంగతులు విప్పేవారు. గుడిలో ఆయన మాటకి ఎదురులేదు గాని, ఆ కుర్చీలో మాత్రం తల ఎటు తిప్పమంటే అటు తిప్పాల్సిందే.

“ఇంతకీ నన్నెక్కడ పెట్టారు మాష్టారూ? ఈసారి కూడా గేటు బయటేనా?”

“రమ్మంటే రావు. గేటుని తిడితే ఏం లాభంరా?”

ఒకరోజు వస్తానన్నాడు కత్తెర. గొంతులో వేళాకోళం లేదు. “మీరు లోపలా నేను బయటా అయితే, అక్కడ మీ తల ఎవడు చూస్తాడు?” అన్నాడు.

మాష్టారి కళ్ళు చెమర్చాయి. అయినా పద్ధతి పద్ధతే. విశ్వాస సంగ్రహం జపం మొత్తం తప్పుల్లేకుండా అప్పజెప్పాలన్నారు. కత్తెరకి అక్షరాలతో అంత పరిచయం లేదు. గడ్డాలు గీస్తూ గొణుక్కునేవాడు. కూర్చున్నవాళ్ళు తమని తిడుతున్నాడేమో అనుకునేవారు. మొదలు బాగానే ఎత్తుకుని, సగంలో బురదలో దిగిన బండిలా ఆగిపోయేవాడు. చూసీ చూడనట్టు పోదాం మాష్టారూ అని ఫాదర్ బతిమాలారు. ఒక్క మాట జారినా కుదరదన్నారు మాష్టారు. వచ్చే నెల చూద్దాం అన్నారు. ఆ వచ్చే నెల రెండేళ్ళయినా రాలేదు.

మొన్న మధ్యాహ్నం మాష్టారు కుర్చీలో ఉండగా కత్తెర చేతిలోంచి దువ్వెన జారింది. దాని వెనకే మనిషీ జారాడు.

దుకాణం వెనకే వాళ్ళ ఇల్లు. చప్పుడు విని అతని భార్య తెర తోసుకు వచ్చింది. మెడకి కట్టిన గుడ్డ అలాగే ఉండగా, మాష్టారు నేలమీద కూర్చుని ఉన్నారు. కత్తెర తల ఒళ్ళో పెట్టుకుని నుదుటి మీద మగ్గుతో నీళ్ళు పోస్తున్నారు. పెదాలు ఆగకుండా కదులుతున్నాయి. అంబులెన్సు వచ్చేసరికి అంతా అయిపోయింది.

తను చూసింది చూసినట్టు ఆమె ఫాదర్‌తో చెప్పింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు జ్ఞానస్నానం ఎవరైనా ఇవ్వొచ్చు. ఇచ్చింది సాక్షాత్తూ మాష్టారాయె. ఫాదర్ ఇంక మారు మాట అడగలేదు. కత్తెరకి గుడి సమాధుల్లో చోటు దొరికింది. గంట కూడా మోగింది.

సమాధుల దగ్గర్నించి మాష్టారు సరాసరి వాళ్ళింటికే వెళ్ళారు. లోపలికి రమ్మన్నా గుమ్మంలోనే నిలబడిపోయారు.

“రెండేళ్ళు తిప్పించానని మనసులో పెట్టుకోకండి అన్నయ్యా” అంది కత్తెర భార్య. “ఆయనకి మీమీద ఏనాడూ కోపం లేదు. ఆ జపం తప్పు పోయినప్పుడల్లా ఇంటికొచ్చి, మాష్టారి దగ్గర తప్పించుకోవడం దేవుడి వల్ల కూడా కాదే అని నవ్వేవాడు. పోనీలెండి, చివరికి మీ చేతులతోనే ఇచ్చారు. ఇప్పుడు లోపలే ఉంటాడు కదా?”

మాష్టారు తలూపారు. ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయారు.

ఆదివారం వెనకగదిలో అందరూ కూర్చున్నాక, మాష్టారు గొంతు సవరించుకున్నారు.

“ఫాదర్, మీరనే ఆ కోరిక... అదొక్కటే ఉన్నా నిజంగా చాలంటారా?”

మందులషాపు పెద్దాయన నోరు తెరిచాడు. “ఇదేంటి మాష్టారూ, గెలిచే పందెంలో చేతులెత్తేస్తున్నారు? మన కత్తెరకి ఆ గొడవే లేదుగా.”

“ఊరికే అడిగాను.”

నేస్తం చావు మాష్టార్ని మెత్తబరిచిందనుకున్నారు ఫాదర్. ఎందుకు చాలునో ఓపిగ్గా చెప్పుకొచ్చారు. మాష్టారు ఒక్క ముక్కకీ అడ్డురాలేదు. అయిపోయాక, ఇంకోసారి చెప్పమన్నారు. పెద్దాయన విసుక్కుని లేచిపోయినా మాష్టారు కుర్చీలోంచి కదల్లేదు.

ఊరందరికీ నేర్పిన ఆ జ్ఞానస్నానం మాటల్లో ఒక్కటీ గుర్తురాక, ఆరోజు నీళ్ళు పోస్తున్నంతసేపూ ఆయన నోట్లోంచి వచ్చింది “లేవరా కత్తెరా, నా తల సగమే అయింది” అన్న మాటొక్కటే.