మధ్యాహ్నం లోపు పంపకం

"పెట్టె మెల్లగా దించరా!" ఉర్సులా అరిచింది.

ఆ పాటికే ఆంబ్రోస్ చెయ్యి జారింది. ఓకు చెక్క పెట్టె ధనామని నేలకు తగిలింది. ఉర్సులా రెండు చేతులూ రొమ్మున అదుముకుని, ఊపిరందని మనిషిలా గోడకు జారబడింది.

"పెట్టెకేం కాలేదులే అమ్మా," అన్నాడు పెద్దకొడుకు.

ఆమె భయం పెట్టె గురించి కాదని కూతురు థామసిన్‌కు తెలుసు. ఏడు నెలలుగా ఆ ఇంట్లో బరువైనది ఏది పడినా అందరికీ ఒకటే కళ్లముందుకొస్తుంది. జైలు నేల, దానిమీద వెల్లకిలా నాన్న, నాన్న రొమ్ముమీద చెక్క, చెక్కమీద రాళ్లు.

యార్క్‌షైర్ కొండల్లో ఆ చలికాలం చాలా ఇళ్లలో బార్లీ గింజ లేదు. దొర మందలో గొర్రె పోయింది. దాని తోలు ఉర్సులా మొగుడు హంఫ్రీ కొట్టంలో, గడ్డికింద దొరికింది. చేశానంటే ఉరి. చేయలేదంటే విచారణ, తోలు దొరికాక విచారణకు తేలేదీ ఉరే. ఉరితో పోతుందా, ఇంట్లో చెంచాతో సహా రాణిగారి పాలు. ఏ మాటా చెప్పనివాడికి మాత్రం విచారణ ఉండదు, ఆస్తి జప్తూ ఉండదు. నోరు విప్పేదాకా రాళ్లు పేరుస్తారు. హంఫ్రీ విప్పలేదు. మూడోనాడు పొద్దున్న పోయాడు. ఇల్లు మిగిలింది.

ఆ ఇంటి సామానే ఇవాళ పంపకం. సాక్షి ఎదుట వస్తువు చేతిలో పెట్టాలి, పుచ్చుకున్నవాడు గుప్పిట ముయ్యాలి. అప్పుడే అది వాడిది. సాక్షిగా వచ్చిన చర్చి పెద్ద గిల్బర్ట్ ఈకకలం చెవిలో దోపుకుని బల్లమీద కూర్చున్నాడు.

ఈకల పరుపు, పెట్టె, బండి ఆంబ్రోస్‌కని చెప్పి ఉర్సులా వాడి చేతిలో తాళంచెవి పెట్టింది. రాగి వంటపాత్ర, రాట్నం, తగరపు పళ్లేలు థామసిన్‌కు.

"విధవకు మూడోవంతని న్యాయమే ఇచ్చింది కదమ్మా," అంది థామసిన్. "ఒక్క పళ్లెమైనా ఉంచుకోవా? దేంట్లో తింటావు, దోసిట్లోనా?"

"నేను పోయేచోట వాళ్లే పెడతార్లేవే."

గిల్బర్ట్ తొడ చరిచాడు. "అదీ సంగతి! నువ్వు ఉతికిన టోపీ పెట్టినప్పుడే అనుకున్నా. కొత్తవాడు పెళ్లికని చర్చికి తీసుకెళ్లాడా, ఆడదాని గరిటె కూడా ఆ మొగుడిదే. ముందే పిల్లలకు పంచేసినది తెలివైన విధవ. మా మేనత్తకు ఈ తెలివి లేకపోబట్టే, ఆవిడ మంచం మీద ఇవాళ సవతి కూతురు దొర్లుతోంది. ఇంతకీ పెళ్లికొడుకు ఎవరమ్మా? పిండిమర వాట్కినేనా? ఈమధ్య నీకు పిండి కొలతకు మించి పోస్తున్నాడని ఊరంతా చెప్పుకుంటోంది!"

ఉర్సులా నోరు తెరిచింది. ముగ్గురు పిల్లల మొహాలూ చూసి మూసేసింది.

"ఎవరైతే నీకెందుకన్నా. మధ్యాహ్నం లోపు నేను బయల్దేరాలి. రాయి."

కిటికీ దగ్గర నిలబడ్డ చిన్నకొడుకు మైల్స్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నాకేం వద్దు."

"మైల్స్..."

"ఈ ఇంట్లో చెంచా ముట్టుకున్నా నాన్న రొమ్మును ముట్టుకున్నట్టుంటుంది. నీకు ఏడు నెలలకే పెళ్లి కావాల్సొచ్చింది. నన్నేమో సంతలో దొంగ కొడుకంటున్నారు. కాపరి పనికి వెళ్తే, గొర్రెల్ని లెక్కపెట్టుకోండ్రోయ్ అని నవ్వుతున్నారు."

"మీ నాన్న దొంగ కాదురా."

"ఆ ముక్క ఆయనే అనుండొచ్చుగా!"

గొర్రె పోయిన రోజు మాంసం పులుసు ఆ ఇంట్లో అందరూ తాగారు. ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

ఉర్సులా ఆవు మెడతాడు తీసుకుని వాడి ముందుకెళ్లింది. "ఆవు, నాగలి నీవి. పుచ్చుకోరా నాయనా. నువ్వు పుచ్చుకోకపోతే నా పేరునే ఉంటాయి. సాయంత్రానికి పరాయివాళ్లు తోలుకుపోతారు."

"నాన్న దున్నిన నాగలి ఆ వాట్కిన్ గాడికా?"

ఆమె తాడును ఇంకా ముందుకు చాపింది.

మైల్స్ తాడు లాక్కున్నాడు. వేళ్లు తెల్లబడేలా గుప్పిట బిగించాడు. "నీమీద ప్రేమతో కాదు."

"తెలుసురా."

"ఇంక నా గడప తొక్కకు."

"తొక్కను."

వాడు ఆవును విప్పుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. వాడి వీపు మలుపు తిరిగేదాకా ఉర్సులా గుమ్మం వదల్లేదు.

"ఇప్పుడు నా పేరున ఏముందన్నా?"

"ఒంటిమీద బట్టలు తల్లీ."

"ఈ కాగితం చెల్లుతుందా? ఎవరొచ్చి అడిగినా?"

"రాణిగారే దిగొచ్చినా చెల్లుతుంది," అని నవ్వి గిల్బర్ట్ సంతకం చేశాడు.

ఆమె గౌను దులుపుకుని బయల్దేరింది. కాలవ పక్కన పిండిమర వచ్చింది. గుమ్మంలో వాట్కిన్ చెయ్యి ఊపాడు. ఆమె తల తిప్పకుండా వంతెన దాటి, చెట్లమధ్య ఉన్న న్యాయాధికారి ఇంటికి చేరి తలుపు తట్టింది.

భోజనం మధ్యలో లేచొచ్చిన న్యాయాధికారి మూతి తుడుచుకుంటూ చిరాగ్గా చూశాడు. "హంఫ్రీ పెళ్లానివి కదూ? అయిపోయిందిగా, ఇంకా దేనికొచ్చావు?"

"ఆ గొర్రెను దొంగిలించింది నేనండీ."