రిబ్బనుకు కాపలా

"ఓపెనింగ్ కాలేదు! ఎవరూ లోపలికి రావడానికి లేదు!" అని అరిచి వాచ్‌మన్ ఈల ఊదాడు. గాలి ఆ ఈలను అతని నోటి దగ్గరే మింగేసింది.

అతని భార్య మెట్ల మీద ఆగిపోయింది. వీపున అత్తగారు. వెనక మూటలు నెత్తిన పెట్టుకుని వీధి జనమంతా. వాళ్ల వెనక, పొద్దున్నదాకా వీధి ఉన్న చోట, సముద్రం. ఉప్పెన నీళ్లు తొందరేమీ లేనట్టు ఒక్కో గడపా దాటుకుంటూ వస్తున్నాయి.

తుఫాను వస్తే జనం తలదాచుకోవడానికని కట్టిన భవనం అది. ఎత్తయిన స్తంభాలు, ఇనుప తలుపు, తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బన్. దాన్ని మంత్రిగారు వచ్చి కత్తిరించాలి. ఆ సంగతి తుఫానుకు ఎవరూ చెప్పలేదు.

"ఏమయ్యా, నేనెవరో తెలుస్తోందా?" అంది భార్య.

"తెలుస్తోంది. నువ్వయినా సరే, రూలు రూలే."

"ఇంట్లో బల్లి కనబడితే మంచమెక్కి కేకలు పెడతావు. ఇవాళ సముద్రానికే రూలు చెప్పేంత మగాడివయ్యావా!"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాచ్‌మన్ మొహం గంటు పెట్టుకున్నాడు. ఆమె కళ్లు రిబ్బను మీద పడ్డాయి. తడవకుండా దానికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ప్లాస్టిక్ కాగితం చుట్టి ఉంది. అత్తగారి నెత్తిన మాత్రం ఒక నానిపోయిన గోనెసంచి.

"వదినా, అన్నని ఏమీ అనకు," అన్నాడు వెనక నుంచి మంగలి. "రిబ్బనుకు జలుబు చేస్తే రేపు మంత్రిగారి ముందు తుమ్ముతుంది కదా మరి!"

"వెనక తలుపైనా తియ్యి. మీ రిబ్బన్ని మేమేం ముట్టుకోం," అందామె.

"దాని తాళం ఇంజినీరు గారి దగ్గరే ఉంది. ఉండు, ఆయన్నే అడుగుతా." వాచ్‌మన్ వానకోటు లోపల తల దూర్చి ఫోన్ చేశాడు. గాలి హోరులో వినబడక స్పీకరు పెట్టాడు.

"సార్, జనం వచ్చేశారు సార్. నీళ్లు మెట్లెక్కుతున్నాయి. మా అమ్మ కూడా ఉంది సార్..."

"నీకెన్నిసార్లు చెప్పాలి? ఓపెనింగ్ కాకుండా తెరిస్తే మంత్రిగారి దగ్గర నా మొహం ఎక్కడ పెట్టుకోను? కొత్త నేల, కొత్త సున్నం. వాళ్లంతా బురదకాళ్లతో తొక్కితే మళ్లీ నువ్వు కడుగుతావా? ఏ స్కూలుకో పొమ్మను."

"స్కూలు మునిగిపోయింది సార్. మీరొకసారి వస్తే..."

"ఎట్లా వస్తానయ్యా? నేను సిటీలో ఇరుక్కుపోయాను. దారంతా చెట్లు పడ్డాయి. ఒక్కడు లోపలికొచ్చినా నీ ఉద్యోగం ఊడుతుంది." ఫోన్ ఆగిపోయింది.

"విన్నారుగా," అన్నాడు వాచ్‌మన్. తల్లి వైపు చూడకుండా అన్నాడు.

ముసలావిడ కోడలి భుజం మీదుగా తల ఎత్తింది. "నిన్ను కనే రోజున ఏ మంత్రి వస్తాడా అని నేను ఆగలేదురా సన్నాసీ!"

"అమ్మా, నువ్వూరుకో. ఈ ఉద్యోగం పోతే తినేదేంటి?"

"ముందు బతికుంటే కదరా తినడానికి!"

అంతలో దర్జీ నెత్తి మీది మూటను గాలి లాగేసింది. అది నీళ్లలో పడి, రెండుసార్లు మునిగి తేలి, కరెంటు స్తంభాన్ని దాటి పోయింది. ఎవరూ నవ్వలేదు. అందరికన్నా కింద నిలబడ్డవాళ్లకు నీళ్లు నడుము దాకా వచ్చాయి. ఒక చంటిపిల్ల చేతి నుంచి చేతికి పైమెట్టు చేరింది.

"అత్తా, గట్టిగా పట్టుకో," అంది కోడలు.

ఆమె తల వంచుకుని, ముసలావిడతో సహా మొగుడి మీదికి ఎగబడింది. వాచ్‌మన్ గోడకు కొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కాగితం పర్రున చిరిగింది. పరుగుపందెంలో గెలిచినదానిలా ఆమె గుండెకు అడ్డంగా రిబ్బన్ బిగిసి, మేకుతో సహా ఊడి వచ్చింది.

వీపు మీది నుంచి అత్తగారు రిబ్బన్ అందుకుని పైకెత్తింది. "ఓపెనింగ్ అయిపోయిందర్రా! చప్పట్లు కొట్టండి!"

మంగలి నిజంగానే కొట్టాడు. అది చూసి నడుములోతు నీళ్లలో ఉన్నవాళ్లు కూడా కొట్టారు.

"తాళం తీస్తావా, బొడ్లోంచి నేనే లాక్కోనా?" అంది భార్య. వాచ్‌మన్ బొడ్లోంచి తాళంచెవి తీశాడు. తాళం తీసి తలుపు తోశాడు. తలుపు కదల్లేదు. భుజం ఆనించి తోశాడు. అయినా కదల్లేదు.

"కొత్త తలుపుకి అప్పుడే తుప్పు పట్టిందా? ఏం కట్టి చచ్చారయ్యా!" అని తిట్టి, ఆమె రెండు పిడికిళ్లతో దబదబా బాదింది. దర్జీ బాదాడు. మంగలి బాదాడు. చివరికి వాచ్‌మన్ కూడా, తనెవరి మనిషో మరిచిపోయి, ఈల ఊదుతూ కాలితో తన్నాడు.

లోపల గడియ కదిలింది.

తలుపు ఓరగా తెరుచుకుంది. లుంగీ, బనీనుతో ఇంజినీరు గారు తల బయటపెట్టి, పెదవి మీద వేలు ఉంచుకుని, "మెల్లగా కొట్టలేవుట్రా? మా అత్తగారికి ఇప్పుడే కన్నంటుకుంది!" అన్నాడు.