అన్న పేరు, తమ్ముడి రక్తం

"పుట్టిన తేదీ చెప్పు," అన్నాడు వెల్డర్ తమ్ముడితో.

"ఎవరిది? నాదా, నీదా?"

"నాదిరా! లోపల అడిగినా ఇలాగే ఏడుస్తావా?"

తమ్ముడు పళ్లికిలించాడు. అన్న కళ్లజోడు ఊడబీకి తన ముక్కుకి తగిలించుకున్నాడు. "చూడు వదినా, ఇప్పుడు మీ ఆయన్ని నేనే. వెళ్లి కాఫీ పెట్టి పట్రా."

"కాళ్లు విరగ్గొడతా," అంది వదిన. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

ముగ్గురూ బీమా కంపెనీ వాళ్లు పరీక్షలు చేయించే ల్యాబు మెట్ల మీద నిలబడి ఉన్నారు. వెల్డర్‌కి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ప్రభుత్వాసుపత్రిలో పేరు రాయిస్తే కిడ్నీ మార్చే ఆపరేషన్‌కి రెండేళ్లాగి రమ్మన్నారు. డాక్టరేమో ఏడాది దాటితే కష్టమన్నాడు. ప్రైవేటులో చేయించుకోవాలంటే బీమా ఉండాలి. పరీక్షలన్నీ బాగుంటేనే ఆ బీమా ఇస్తారు. అందుకే అదే ముక్కు, అదే బట్టతల ఉన్న తమ్ముడు అన్న పేరు మీద లోపలికి వెళ్తున్నాడు.

"జబ్బు లేనోడికే బీమా ఏంట్రా? కడుపు నిండినోడికే అన్నం పెడతామన్నట్టుంది," గొణిగాడు వెల్డర్.

"ఏజెంటుని అడిగాగా. జబ్బున్నోళ్లందర్నీ చేర్చుకుంటే మిగతావాళ్ల ప్రీమియం రెట్టింపవుద్దట."

"సబ్బు కొన్నా పన్ను కడుతున్నాం. ఆ డబ్బుతో అందరికీ వైద్యం చేయొచ్చుగా?"

"ఎన్నికల్లో నిలబడన్నా, మైకు నేను పట్టుకుంటా. ముందు నన్ను పాసవ్వనీ."

గంట తర్వాత తమ్ముడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"రక్తం లాగేశారు. ఒళ్లంతా తీగలంటించారు. ఎక్కడన్నా బల్బు వెలుగుద్దేమోనని చూశా. సంతకం కూడా అచ్చం నీలాగే వంకర టింకరగా గీశా."

వెల్డర్ చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

పదో రోజు కవరొచ్చింది. వదినే చించింది. పై కాగితం చదివి, రెండూ వెల్డర్ చేతిలో పెట్టింది.

"ఇవ్వరంటండీ. కారణాలు వెనక కాగితంలో ఉన్నాయట."

"దొరికిపోయాం," అన్నాడు వెల్డర్. "నా పాత రిపోర్టులు వాళ్ల చేతికి చిక్కుంటాయి."

తమ్ముడు గోడకి ఆనుకున్నాడు.

"నా వల్లే పోయిందా, అన్నా?"

"నీ తప్పేముందిలేరా."

"అయితే ఓ పని చెయ్. నాకు రెండు కిడ్నీలున్నాయిగా. ఒకటి పనీపాటా లేకుండా తిని కూర్చుంటోంది. అది తీసుకో."

"కోయించుకోడానికి నీకేమన్నా బీమా ఏడ్చిందా?"

"నాకెందుకు? జ్వరమొచ్చి పదేళ్లయింది. నన్ను చూస్తే సూదే వంగిపోద్ది!"

వదిన కళ్లు తుడుచుకుంటూనే అతని నెత్తి మీద ఒక్కటి మొట్టింది. వాడు కెవ్వుమని అరిచి, లేని నొప్పికి ఇల్లంతా గెంతాడు.

ఆ గోలలోనే వెల్డర్ వెనక కాగితం తిప్పాడు. కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయని రాసుంది. అతని వేలు కింది వరుస మీద ఆగిపోయింది.

పాడైంది గుండె.