ఫర్జానా తుమ్ము

ఫర్జానా గట్టిగా తుమ్మింది. వెంటనే ఇంకోటి.

ఏమీ కాలేదు. ముక్కు తుడుచుకుని మళ్ళీ మిరపకాయ అందుకుంది.

ఎదురుగా కూర్చున్న ఉషకి ఒళ్ళు మండిపోయింది.

ఎడ్లపాడు దగ్గర ఆ మిర్చి గోడౌన్లో ఇరవై మంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిరపకాయల తొడిమలు తీస్తారు. ఆ ఘాటుకి తుమ్మని వాళ్ళుండరు. ఉష మాత్రం తుమ్ము వస్తోందనగానే కాళ్ళు మెలేసుకుని, ముందుకి ముడుచుకుపోయి, కళ్ళు గట్టిగా మూసుకుంటుంది.

అయినా ఆగదు.

రెండో కాన్పు అయినప్పటినుంచీ తొమ్మిదేళ్ళుగా ఇదే బతుకు. తుమ్మితే తడి. దగ్గితే తడి. నవ్వితే తడి. చీర కింద మడిచి పెట్టుకునే పాతగుడ్డ సంగతి మొగుడు యల్లమందకి కూడా తెలియదు.

మూడు వారాల కిందట పనిలో చేరిన ఈ ఫర్జానాకి యాభై దాటాయి. ముగ్గురు పిల్లల తల్లి. ఇటుక మీద గోతం మడిచి వేసుకుని, నడుం నిలబెట్టి కూర్చుంటుంది. తట్ట ఎత్తేటప్పుడు 'హుఁ' అని ఊపిరి వదిలి ఎత్తుతుంది. అన్నాల దగ్గర కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుతుంది.

వారం తిరక్కుండానే ఆడవాళ్ళంతా ఆమె పక్కకి జరిగారు. నిన్నటిదాకా ఉష పక్కన కూర్చున్న సీతారావమ్మ కూడా.

ఆ నవ్వులు వింటుంటే ఉషకి ముద్ద దిగేది కాదు. దేవుడు కొందరి ఒళ్ళు ఇనుంతో చేస్తాడేమో అనుకునేది.

ఒకరోజు గుమాస్తా త్రికోటేశ్వరరావు అందరిముందూ అననే అన్నాడు.

"ఏమ్మా ఉషా, పొద్దుట్నుంచి ఎన్నోసారి నువ్వు లేవడం? ఫర్జానమ్మని చూడు, కూర్చుంటే కదలదు. రేపట్నుంచి కాటా దగ్గర ఆమె ఉంటది."

కాటా దగ్గర పనికోసం ఉష రెండేళ్ళుగా కాచుక్కూర్చుంది. అక్కడ ఘాటు తక్కువ. బాత్రూం పక్కనే.

సాయంత్రం కుళాయి దగ్గర ఫర్జానా ఆమె పక్కన చేరి గొంతు తగ్గించింది.

"ఉషా, తుమ్మొచ్చినప్పుడు అట్టా ముందుకి ముడుచుకోమాకమ్మా. ఒత్తిడంతా కిందకే పడుద్ది. నడుం నిలబెట్టు. ఒంటేలు ఆపుకుంటామే, అట్టా కింద కండని పైకి బిగించు. అప్పుడు తుమ్ము."

ఉష ముఖం మాడిపోయింది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. చూస్తుంటే తెలీదా?"

"ఏం తెలిసింది? ఏ రోగమూ లేనిదానివి, నా బాధ నీకేం తెలుసు? ఏంది నువ్వు నాకు చెప్పేది?"

ఫర్జానా ఏదో అనబోయింది. ఇంతలో తక్కినవాళ్ళు చేతులు కడుక్కోవడానికి వచ్చారు. ఆగిపోయింది.

ఇక ఇది కాటా దగ్గర కూర్చుని అందరికీ చెప్పుద్ది, అనుకుంది ఉష.

మర్నాడు పొద్దున్నే గుమాస్తా దగ్గరికి పోయింది.

"ఆ ఫర్జానా ఆడవాళ్ళని పక్కకి పిలిచి చెప్పకూడని మాటలు చెబుతోందండీ. ఇట్టాగైతే మేం పనికి రాం."

ఏం మాటలని ఆయన అడగలేదు. అడగడానికి సిగ్గుపడ్డాడు. మధ్యాహ్నానికల్లా ఫర్జానాని పంపించేశాడు.

ఆమె అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, ఉష ముందునుంచే నడిచి వెళ్ళింది. అప్పుడు కూడా ఆ నడుం వంగలేదు. దాన్నే చూస్తూ ఉష ఇంకా కుళ్ళుకుంది.

కాటా పని ఉషకి వచ్చింది.

నాలుగో రోజు మిర్చి బస్తా ఒకటి పక్కకి ఒరిగింది. సర్దుదామని ఊపిరి బిగబట్టి, నడుం వంచి, ఒక్క గుంజు గుంజింది.

చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి.

హమాలీలంతా చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ వారమే ఉష నరసరావుపేట ఆస్పత్రికి పోయింది. డాక్టరమ్మ పరీక్ష చేసి ఫిజియోథెరపీ గదికి పంపింది. అక్కడ భవిత అనే అమ్మాయి ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ముడుచుకోకండి. నడుం నిలబెట్టండి. ఊపిరి వదులుతూ, ఒంటేలు ఆపుకున్నట్టు కింద కండని పైకి బిగించండి. ఇప్పుడు వదలండి. మళ్ళీ."

ఉష బిగించడం ఆపి తలెత్తింది.

"ఈ మాటే మా గోడౌన్లో ఒకామె చెప్పింది..."

"ఫర్జానా ఆంటీయేనా?" భవిత ముఖం వెలిగింది. "ముందే చెప్పొద్దూ! కూలికి ఎక్కడికి పోయినా ఎవరో ఒకర్ని నా దగ్గరికి పంపుతుంది. మిమ్మల్నీ ఆమే పంపిందా?"

ఉష తల అడ్డంగా ఊపింది.

"ఎట్టా ఉంది? ఈమధ్య ఫోన్ కలవట్లా."

"పని... మానేసింది. ఎక్కడికి పోయిందో తెలీదు."

ఉండబట్టలేక అంది ఉష.

"అయినా ఆమెకేమమ్మా, అదృష్టవంతురాలు. పుట్టుకతోనే గట్టి ఒళ్ళు."

భవిత ఆమెవైపు వింతగా చూసింది.

"ఫర్జానా ఆంటీనా? ఆరేళ్ళ కిందట ఈ గదికి మొదటిసారి వచ్చిన రోజు, సీటు తడుస్తుందని రెంటచింతల నుంచి ఇక్కడిదాకా బస్సులో నిలబడే వచ్చిందండీ."