ముందు వరస

“ఆ స్కార్ఫ్ సంగతి ఇంకోసారి ఆలోచించు బేటా” అంది అమ్మీ, గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడి.

“ఆలోచించే చేసిన అమ్మీ.”

“రోజులు మంచిగ లేవు. ఎవలన్న ఏమన్న అంటే?”

“అననియ్. తల నాది.”

అమ్మీ కాసేపు కూతురి తల వంక చూసింది. తర్వాత టిఫిన్ డబ్బా చేతిలో పెట్టి పక్కకు జరిగింది. నచ్చలేదు, కానీ ఆపలేదు. అమ్మీలో అదొక్కటే మంచి గుణమని కాదు గానీ, అన్నిటికంటే పెద్ద గుణం అదే.

తస్నీమ్ బోరబండ గల్లీ దాటి షేర్ ఆటో ఎక్కింది. ఇవాళ నాలుగో రోజు. ఈ నిర్ణయం కోసం తనతో తాను పదకొండు నెలలు వాదించుకుంది. ఎవరో చెబితే కాదు, వీడియోలు చూసీ కాదు. సోమవారం పొద్దున అద్దం ముందు నిలబడినప్పుడు తన ముఖం తనకే కొత్తగా కనిపించింది. భయం వేసింది. బాగుందనీ అనిపించింది.

ఆటో డ్రైవరు మాత్రం రోడ్డు మీది గుంతలు వదిలేసి అద్దంలో ఆమె తలనే చూస్తున్నాడు. రెండేళ్లుగా ఎక్కుతున్న ఆటో అది. ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా అలా చూసి ఎరగడు.

హైటెక్ సిటీలో ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ కొమురయ్య వరసగా నాలుగో రోజూ ఆపాడు. కార్డు అందుకుని ఫొటో చూశాడు, ముఖం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు.

“కలుస్తలేదు మేడం.”

“నేనే కొమురయ్యా. రోజూ చూస్తనే ఉన్నవు కదా!”

“మీరేనని నాకెర్కనే. పైనోళ్లు నన్నంటరు. జర కొత్త ఫొటో దిగుండ్రి మేడం.”

వెనక లైన్లో ఉన్నవాళ్లు తలలు పక్కకు వంచి చూశారు. తస్నీమ్‌కు చెవులు వేడెక్కాయి. తప్పేదో చేసినట్టు నిలబడాల్సి రావడంతో ఆమెకు ఒళ్లు మండింది.

లోపల పక్క సీటు సంధ్య కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

“నిజం చెప్పు. సంబంధం ఏమన్నా కుదిరిందా? అబ్బాయి చెప్పిండా గిట్ల ఉండుమని?”

“అబ్బాయీ లేడు, సంబంధమూ లేదు.”

“మరి నాన్న అన్నరా?”

“ఎవరూ అనలేదు సంధ్యా. నాకే అనిపించింది.”

సంధ్య నమ్మినట్టు తలూపింది. నమ్మలేదు. ఆడపిల్ల తల మీద ఏం మారినా వెనకాల ఒక మగవాడు ఉండే తీరాలని ఈ ఊళ్లో అందరికీ గట్టి నమ్మకం. మధ్యాహ్నం క్యాంటీన్‌లో తస్నీమ్ వెళ్లి కూర్చోగానే టేబుల్ దగ్గర మాటలు ఆగిపోయాయి. ఎవరో వాన గురించి ఎత్తుకున్నారు. బయట ఎండ దంచేస్తోంది.

మూడు గంటలకు హెచ్‌ఆర్ మేనేజర్ రాజరాజేశ్వరి నుంచి పిలుపొచ్చింది. ఆమె గదికి చుట్టూ అద్దాలే. బయటివాళ్లకు అంతా కనబడుతుంది, ఏమీ వినబడదు.

“రామ్మా తస్నీమ్, కూర్చో. నీ సొంత విషయంలో తలదూరుస్తున్నానని అనుకోకు. స్కార్ఫ్ విషయంలో మన కంపెనీ ఎవరినీ బలవంతం చెయ్యదు. పాలసీలోనే రాసుంది.”

“థాంక్యూ మేడమ్.”

“అయితే వచ్చే సోమవారం లండన్ నుంచి క్లయింట్లు వస్తున్నారు. ఫొటోలు, వీడియో, చాలా హడావుడి ఉంది. నిన్ను ముందు వరసలో నిలబెడదామని ఎప్పుడో అనుకున్నాం. ఉన్నట్టుండి నువ్విలా వస్తే ఎలాగమ్మా?”

“ఇలా ఉంటే ఏమవుతుంది మేడమ్?”

“ఏమీ అవదు. మనం అనుకున్నట్టు రాదు, అంతే. ఒక్క రోజు సర్దుకో. మంగళవారం నుంచి నీ ఇష్టం.”

“మరి సోమవారం నా ఇష్టానికి సెలవా?”

రాజరాజేశ్వరి నవ్వింది. కోపం రాలేదు. ఆమెకు కోపం వచ్చి ఉంటేనే బాగుండేది, తిరిగి అరవడానికైనా వీలుండేది.

“పోనీ నన్ను వెనక వరసలో నిలబెట్టండి. అసలు ఫొటోలోనే వద్దు.”

“అదెలా కుదురుతుంది? ఆ లండన్ ప్రాజెక్టుకి నీ పేరు పంపిందే నేను. ఇప్పుడు నువ్వే కనబడకపోతే నేనేం చెప్పను? పేరు వెనక్కి తీసుకోవాలి. ఆ తర్వాత బెంచ్. నాకు మాత్రం ఇష్టమా చెప్పు?”

బెంచ్ అంటే పని లేకుండా ఖాళీగా కూర్చోబెట్టడం. అలా రెండు నెలలు కూర్చున్నవాళ్లకు మూడో నెలలో గేటు దగ్గర కార్డు పనిచేయదు. ఇంట్లో జీతం తెచ్చేది తనొక్కతే. తమ్ముడి ఇంజనీరింగ్ ఇంకా రెండేళ్లుంది.

తస్నీమ్ లేచి వెళ్లిపోదామనుకుంది. అద్దాల అవతల సంధ్య ఇటే చూస్తోంది, ఆమె వెనక ఇంకో నలుగురు.

“మేడమ్, పదకొండు నెలలు ఆలోచించాను. ఇది నాది.”

“నీదేనమ్మా. ఎవరు కాదన్నారు?” అని రాజరాజేశ్వరి లేచి, టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి, ఎంతో ఆపేక్షగా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

తస్నీమ్ తలెత్తి ఆమె వంక చూసింది.

“మన ఫ్లోర్ మొత్తానికి స్కార్ఫ్ కట్టుకునేదానివి నువ్వొక్కదానివే, నువ్వూ తీసేస్తే మన దగ్గర అందరూ ఉన్నారని ఫొటోలో ఎలా తెలుస్తుంది చెప్పు” అంటూ, అప్పుడే కవరు చింపిన కొత్త నీలం స్కార్ఫ్‌ను ఆ అమ్మాయి జుట్టు మీద తనే కప్పి, గడ్డం కింద పిన్ను పెట్టింది.