నిద్ర లేనిది ఎప్పటి నుంచి?

"నిద్ర పట్టక ఎన్ని రోజులైంది అవ్వా?" మానుకోట దవాఖానలో డాక్టరమ్మ అడిగింది.

"రెండు నెలలైంది మేడం. మా మామ పోయినప్పటి సంది రాత్రంత గిట్లనే కూసుంటది," అత్త ఉప్పలమ్మకు బదులు కోడలు మమత చెప్పింది.

ఉప్పలమ్మ తల అడ్డంగా ఊపింది.

"కాదు బిడ్డా. తొమ్మిదేండ్లప్పుడు నన్ను దొర కాడ బర్లు కాసెతందుకు జీతముంచిండ్రు. రాత్రి అవి పలుపులు తెంపుకుంటే నాకు దెబ్బలు పడుతయని కొట్టంల మేలుకునే ఉంటుంటి. లగ్గమైనంక మీ మామ తాగొచ్చి కొట్టేటోడు. తలుపు సప్పుడు కోసం చెవొగ్గి కూసుంటుంటి. ఇప్పుడు కొట్టేటోళ్లు ఎవ్వలు లేరు. అయినా కన్ను మూస్తే దడ పుడుతది."

అత్తది మామ మీద బెంగ అనుకుని, మమత ఇన్నాళ్లూ ఆయన మంచితనమే చెబుతూ ఆమెను ఓదార్చింది.

గోలీలు తీసుకుని ఇద్దరూ తమ ఊరు పెద్దవంగర వెళ్లే బస్సెక్కారు. మమత అత్త తలను తన ఒళ్లోకి తీసుకుంది.

"జర పండుకో అత్తమ్మా. నేను మేలుకునే ఉంట."

"నువ్వు గూడ పండుకోవు గదా?"

"పండుకోను."

ఉప్పలమ్మ కళ్లు మూసుకుంది. బస్సు తొర్రూరు దాటేసరికి ఆమెకు నిద్ర పట్టింది గానీ, కోడలి కొంగును పట్టుకున్న పిడికిలి మాత్రం సడలలేదు.