నిమ్మతొక్కల సీసాలు

"మీ సీసాలు అమ్ముకోడానికి బల్ల ఇచ్చామండి సత్యశ్రీగారూ. శ్రావణమాసం సంతలో, మన సంఘం వరసలో మొదటిదే" అంది ఫోన్లో మహిళాసంఘం బేబిగారు.

ఆత్రేయపురంలో పుట్టింటి పెరట్లో ఉన్న సత్యశ్రీ గిర్రున ఒక చుట్టు తిరిగి, పప్పు రుబ్బుతున్న అమ్మని వెనక నుంచి వాటేసుకుంది. ఆ వెంటనే కొవ్వూరులో ఉన్న మొగుడు దుర్గాసాయికి ఫోన్ చేసింది.

పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆషాఢం. ఆమె పుట్టింట్లో, దుర్గాసాయి అద్దెవాటాలో. ఆ ఇంటి మేడమీది గదిలో డజను గాజుసీసాలు.

సీసాల్లో నిమ్మతొక్కలు, బెల్లం, నీళ్ళు. పులిశాక వడకడితే నేల తుడవడానికీ గిన్నెలు తోమడానికీ పనికొస్తుంది. పులిసేటప్పుడు లోపల గాలి పుడుతుంది. రోజూ ఒకసారి మూత వదులు చేసి ఆ గాలి వదిలెయ్యాలి. లేకపోతే సీసా పేలిపోతుంది.

"ఏమండీ, ఇవాళ మూతలు తిప్పారా?"

"తిప్పానే."

"నిజంగా?"

"అన్నీ తిప్పాను. నాకంటే ఆ సీసాలే ఎక్కువైపోయాయి నీకు."

"మీరు పేలరు కదా."

దుర్గాసాయి నవ్వాడు.

"నవ్వకండి. ఇవి పోతే మళ్ళీ పెట్టినా సంతకి అందవు."

"పోవులే. కానీ ఒక మాట. పక్కవాటా రూతుగారు లేరూ? రోజూ పొద్దున్నే చీరచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మేడ దిగుతున్నారు."



రూతుగారు పక్క వాటాలోకి కొత్తగా వచ్చిన పెద్దావిడ. సత్యశ్రీతో ఒక్కసారే మాట్లాడింది. "ఆ పులిసిన వాసన నాకు పడదమ్మా. తల తిరుగుతుంది. ఇంకెక్కడైనా పెట్టుకోరాదూ" అంది.

సత్యశ్రీ పెట్టుకోలేదు.

"పారబోస్తారేమోనండి."

"అడగనా?"

"అడిగితే ఒప్పుకుంటారా? మేడ తలుపుకి తాళం వేసెయ్యండి."

వేశాడు.

మర్నాడు మళ్ళీ ఫోన్. "ఏమన్నారావిడ?"

"తాళంచెవి అడిగారు. బట్టలు ఆరేసుకోవాలట."

"ఇవ్వకండి."

ఆ మర్నాడు.

"మళ్ళీ అడిగారు సత్యా. 'ఒక్క నిమిషం బాబూ, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను' అన్నారు. ఇవ్వలేదు."

"మంచి పని చేశారు. మూతలు?"

"తిప్పాను."

అయినా సత్యశ్రీకి కాలు నిలవడం లేదు. సీసాలకి ఏం పేరు పెట్టాలా అని రాసింది కొట్టేసి, కొట్టేసింది మళ్ళీ రాస్తోంది.

"సీసాలకి బారసాల చేస్తావేంటే?" అంది అమ్మ.

ఆ వారంలోనే రూతుగారు వాటా ఖాళీ చేసి నిడదవోలులో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఆ కబురు విని సత్యశ్రీ "హమ్మయ్య" అనుకుంది.

రెండ్రోజులకి ఫోన్ అటు నుంచి వచ్చింది.

"సత్యా, సీసాలు పేలిపోయాయి."

"ఎన్ని?"

"అన్నీ. గోడల నిండా తొక్కలే."



"రోజూ తిప్పారుగా?"

అటు గాజుపెంకులు ఊడుస్తున్న చప్పుడు.

"ఏమండీ, తిప్పారుగా?"

"ఒక్కరోజు కూడా తిప్పలేదు. ఆఫీసు నుంచి వచ్చి అలా పడిపోయేవాణ్ణి. ఏం కావడం లేదు కదా అని..."

తిట్టబోయి ఆగింది సత్యశ్రీ.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు పేలలేదు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. తాళం వేసేదాకా బాగానే ఉన్నాయి."



"ఈ వానల్లో రూతుగారు మేడమీద బట్టలు ఆరేసుకోవడమేంటండీ?" మెల్లగా అంది సత్యశ్రీ. "మీరు నాతో ఎక్కడ కూర్చుని మాట్లాడతారు?"

"కింద మెట్ల మీద. స్పీకర్ పెట్టుకుని."

"రూతుగారి గుమ్మం పక్కన."

"ఊఁ."

"అంటే మన మాటలన్నీ ఆవిడకి వినపడేవి. మీరు మేడ ఎక్కడం లేదనీ కనపడేది."

"నన్ను ఒక్క మాట అనలేదు సత్యా."

"మీతో అంటే నాకు తెలిసిపోతుందని ఊరుకున్నారేమో."



సత్యశ్రీ కళ్ళు తుడుచుకుంది.

"ఆవిడ చెల్లెలి ఇల్లెక్కడో ఓనరుగారిని అడగండి. ఆషాఢంలో అత్తారి గడప తొక్కొద్దన్నారు గానీ, నిడదవోలు స్టేషను సంగతి ఎవరూ చెప్పలేదు. రేపు పొద్దున్న రైలుకి మీరు రండి, నేను బస్సుకొస్తాను. రోజూ మీరు నాకు చెప్పిన అబద్ధాన్ని, తెల్లారి ముక్కు మూసుకుని మరీ మూతలు తిప్పి నిజం చేసిన మనిషికండీ, నేను తాళం వేయించింది."